చదువుకు అన్నం పెట్టిన చేతులు



ప్రతి ఏడూ సెప్టెంబరు 15వ తేదీ దగ్గరపడుతుండగా మా బడి పిల్లలను ముద్దేనహళ్లికి పిలుచుకొని పోవడం మాకు అలవాటు. చిక్కబళ్లాపురానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, నందికొండకు దగ్గరగా ఉన్న ఆ పల్లె మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలమని మీకందరికీ తెలుసు. ఆయన ఇల్లు, సమాధి చూపిస్తాం. వంతెనలు, ఆనకట్టలు, భారతరత్న, అన్నీ చెబుతాం. పిల్లలు రాసుకుంటారు. ఆ తర్వాత చెట్టు కింద కూర్చొని చిత్రాన్నం తిని తిరిగి వస్తాం.

రెండేళ్ల కిందట తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. "సార్, ఆయన చిన్నప్పుడే వాళ్ల నాయన పోయినాడని చెప్పినారు కదా. మరి ఇంజనీరింగు చదివించింది ఎవరు? దుడ్లు ఎవరిచ్చినారు?"

ఆ అమ్మాయి తల్లిదండ్రులు పట్టుపురుగులు మేపుకొని బతికేవాళ్లు. ఆ ఇంట్లో ఏ పనికైనా మొదట వచ్చే ప్రశ్న అదే. దుడ్లు ఎవరిస్తారు? ఎన్నో ఏండ్లుగా చరిత్ర పాఠం చెబుతున్న నాకు ఆ ప్రశ్న ఎన్నడూ తోచలేదే అని సిగ్గనిపించింది. ఆ అమ్మాయికి ఆ రోజు రెండు మాటల్లో జవాబు చెప్పినాను. మిగిలిన జవాబు ఈ రోజు మీ ముందు పెడుతున్నాను. చదువుకునేవాడికి, అందులోనూ పై చదువు ముగించి పరిశోధనలో అడుగుపెట్టేవాడికి, మన దేశంలో ఎవరెవరు ఏ విధంగా అన్నం పెట్టినారు, ఆ చేయూత మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలకు ఏ మేరకు చేరింది అన్నదే నేటి ప్రసంగ విషయం.

మొదట ముద్దేనహళ్లి సంగతి చూద్దాం. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మోక్షగుండం అనే ఊరి నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు పండితులు. పాండిత్యం ఉంది గాని ఆస్తి లేదు. పిల్లవాడు చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించి బెంగళూరు చేరినాడు. ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి ఆ సంపాదనతో చదువుకుంటూ, 1881లో సెంట్రల్ కాలేజీ నుంచి బి.ఎ. పట్టం పుచ్చుకున్నాడు. అంతవరకూ స్వయంకృషి. అక్కడినుంచి ముందుకు పోవాలంటే స్వయంకృషి ఒక్కటే చాలదు. ఇంజనీరింగు కళాశాల పూనాలో ఉంది. ఊరు కొత్త, భాష కొత్త, ఖర్చు పెద్దది. అప్పుడు మైసూరు ప్రభుత్వం ఆయనకు విద్యార్థి వేతనం ఇచ్చింది. పూనాలోని సైన్సు కళాశాలలో చేరి 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథముడుగా నెగ్గినాడు.

మైసూరు సొమ్ముతో చదివిన ఆ యువకుడికి ఉద్యోగం దొరికింది మైసూరులో కాదు, బొంబాయి ప్రభుత్వంలో. లెక్కలు చూసే గుమాస్తా ఎవరైనా ఉంటే, సంస్థానం సొమ్ము వృథా అయిందని రాసి ఉండేవాడు. అయితే 1909లో ఆయన మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా తిరిగి వచ్చినారు. 1912లో దివాను అయినారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. బ్రిటిషు ప్రాంతాల వెలుపల, ఒక సంస్థానంలో పుట్టిన మొదటి విశ్వవిద్యాలయం అది. అంతవరకూ మైసూరు పిల్లలు పట్టం కోసం మద్రాసు విశ్వవిద్యాలయం వైపు చూడవలసి వచ్చేది. 1881లో ఒక పేద విద్యార్థికి సంస్థానం ఇచ్చిన చేబదులు, 35 ఏండ్లకు ఒక విశ్వవిద్యాలయంగా వడ్డీతో తిరిగి వచ్చిందన్నమాట. విద్యార్థి వేతనం లెక్క మూడేండ్లకో అయిదేండ్లకో తేలేది కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఇక్కడ ఒక మాట. చదువుకు అన్నం పెట్టడం మనకు కొత్త కాదు. మన పెద్దలు వారాలు చేసుకొని చదువుకున్నారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకొక ఇంట్లో భోజనం. ఏడు ఇండ్లు ఒప్పుకుంటే ఒక విద్యార్థి బతికేవాడు. మఠాలు, సత్రాలు అన్నం పెట్టినవి. అది గొప్ప ధర్మమే, కాదనను. కాని దానికి రెండు హద్దులు ఉండేవి. ఒకటి, ఏ కులం పిల్లవాడికి ఏ ఇంటి గడప తెరుచుకుంటుందో ముందే నిర్ణయమై ఉండేది. అన్నం పెట్టేవాళ్లకూ తినేవాళ్లకూ ఆ హద్దు తెలుసు. రెండు, ఆ అన్నం తిన్నవాడు పెట్టినవాడి ముందు తల వంచుకొనే ఉండాలి. ఆ రెండు హద్దులూ దాటడానికే ఆధునిక విద్యార్థి వేతనం పుట్టింది.

ఆ హద్దు దాటిన ఘట్టం ఒకటి మన దేశ చరిత్రలోనే నిలిచిపోయింది. 1913లో బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గైక్వాడ్, భీమరావ్ అంబేద్కర్ అనే యువకుడికి అమెరికాలో చదవడానికి నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేండ్లకు వేతనం మంజూరు చేసినారు. చదువు ముగిసినాక బరోడా సంస్థానంలో పదేండ్లు పని చేయాలని ఒప్పందం. వారాల భోజనానికి ఏ గడపా తెరుచుకోని కులంలో పుట్టిన విద్యార్థి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరినాడు. తిరిగి వచ్చి బరోడా కొలువులో చేరితే ఉండడానికి ఆ ఊళ్లో ఇల్లు దొరకలేదు, కచేరిలో నౌకర్లు సైతం దూరం పాటించినారు. ఆ ఉద్యోగం నిలవలేదు. కాని ఆ మూడేండ్ల వేతనం ఫలం ఏమిటో భారత రాజ్యాంగాన్ని అడగండి.

మన ఇరుగుపొరుగున చిత్తూరు సీమలో పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డిగారి సంగతీ ఇటువంటిదే. "ముసలమ్మ మరణం" అనే కావ్యం విద్యార్థి దశలోనే రాసిన కవి ఆయన. 1902లో భారత ప్రభుత్వ వేతనం పొంది కేంబ్రిడ్జికి పోయినారు. తిరిగి వచ్చినాక మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా, తరువాత సంస్థానంలో విద్యాశాఖ ఇన్స్పెక్టర్ జనరలుగా పని చేసినారు. మైసూరు విశ్వవిద్యాలయానికి రూపురేఖలు దిద్దినవారిలో ఆయన ఒకరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడితే దానికి మొదటి వైస్ చాన్సలరు ఆయనే. ఒక వేతనం, రెండు విశ్వవిద్యాలయాలు. అందులో ఒకటి కన్నడ దేశానికి, ఇంకొకటి తెలుగు దేశానికి. సరిహద్దులో ఉన్న మనకు ఇంతకన్నా దగ్గర చుట్టం ఎవరు?

శ్రోతలారా, ఇంతవరకు చెప్పినవి చదువుకు ఇచ్చిన వేతనాలు. పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్ దీనికి తమ్ముడే గాని స్వభావం కొంచెం వేరు. ఆ తేడా తెలుసుకోవాలి.

ఫెలో అంటే తోటివాడు. ఇంగ్లండులోని పాత కళాశాలల్లో, అక్కడే ఉండి, అక్కడే భోంచేసి, కళాశాల వ్యవహారాల్లో పాలు పంచుకొనే పండితుణ్ణి ఫెలో అనేవారు. ఆ మాటను పరిశోధక విద్యార్థికి గట్టిగా ముడివేసింది అమెరికాలో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం. 1876లో అది తలుపులు తెరిచినప్పుడు, పట్టం పుచ్చుకొని పరిశోధన చేయ వచ్చేవారికి ఏడాదికి 500 డాలర్ల చొప్పున ఫెలోషిప్పులు ప్రకటించింది. అంటే విద్యార్థి వచ్చి ఫీజు కట్టడం కాదు, విశ్వవిద్యాలయమే విద్యార్థికి సొమ్మిచ్చి పిలవడం. ఎందుకంటే కొత్త విషయం కనిపెట్టేవాడు చదువుకునేవాడు మాత్రమే కాదు, పని చేసేవాడు కూడా. ఆ పని ఫలం వాడి ఒక్కడిది కాదు, అందరిదీ. కనుక ఫెలోషిప్ దానం కాదు, అప్పూ కాదు. పనికి కూలి. ఈ ఒక్క మాట మన తల్లిదండ్రులకు అర్థమైతే నా ప్రసంగం సార్థకమైనట్టే.

ఆ అలవాటు పుట్టిన అమెరికాకే మన ప్రాంతం నుంచి ఒకాయన పోయి పరిశోధన చేసి వచ్చినారు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో ఒక పేద కుటుంబంలో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు. 1935లో హైస్కూలు చదువుకోసం, బస్సుకు డబ్బు లేక, బెంగళూరుకు నడిచి పోయినారు. ఇప్పుడు రైల్లో కునుకు తీస్తూ పోయే దారి అది. నేషనల్ హైస్కూల్లో చేరినారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి చదువు మధ్యలో జైలుకు పోయినారు. బయటికి వచ్చి భౌతికశాస్త్రంలో ఎమ్.ఎస్సి. ముగించి, 1946లో బెంగళూరు నేషనల్ కాలేజీలో అధ్యాపకులైనారు. అధ్యాపకుడైనాక చదువు ఆపలేదు. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ భౌతికశాస్త్రంలో పరిశోధన చేసి 1960లో పిహెచ్.డి. పుచ్చుకున్నారు.

అమెరికాలోనే ఉండిపోవడానికి ఆ రోజుల్లో దారులు లేకపోలేదు. ఆయన తిరిగి వచ్చి అదే నేషనల్ కాలేజీలో పని చేసినారు. పెండ్లి చేసుకోలేదు. విద్యార్థుల హాస్టల్లోనే ఒక గదిలో బతికినారు. 1970 దశకంలో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరు అయినారు. పద్మభూషణ్ అందుకున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు. మనకు సంబంధించినది ఇంకొక ఎత్తు. ఆయన అధ్యక్షులుగా ఉన్న విద్యాసంస్థ గౌరిబిదనూరులోనూ మన బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీలు నడిపింది. చదువుకోసం బెంగళూరుకు నడిచిపోయిన పిల్లవాడు, పెద్దవాడై, కాలేజీనే పల్లె పిల్లల దగ్గరికి నడిపించుకొని వచ్చినాడు. 2005లో ఆయన కన్ను మూసినారు. బాగేపల్లి కాలేజీ గంట ఇంకా మోగుతూనే ఉంది.

ఇంకొక పేరు. చింతామణి నాగేశ రామచంద్రరావు. సి.ఎన్.ఆర్. రావు అంటే ప్రపంచానికి తెలుసు. పుట్టింది బెంగళూరులో, 1934లో. కాని పేరు మొదట్లోనే చింతామణి ఉంది గనుక, ఆ పేరు పూర్తిగా పలికినప్పుడల్లా ఇక్కడి పిల్లలు నిటారుగా కూర్చుంటారు. పదిహేడేండ్లకే మైసూరు విశ్వవిద్యాలయం బి.ఎస్సి. పట్టం, తరువాత కాశీలో ఎమ్.ఎస్సి. అప్పుడు అమెరికాలో నాలుగు విశ్వవిద్యాలయాలు ఆర్థిక సహాయమిస్తామని ఆయనను పిలిచినవి. అందులో పర్డ్యూ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకొని, మూడేండ్లు నిండకుండానే 1958లో పిహెచ్.డి. ముగించినారు. ఇరవై నాలుగేండ్ల వయసు. 1959లో తిరిగి వచ్చి బెంగళూరు ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో లెక్చరరుగా చేరినారు. 1989లో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఉన్నత పరిశోధన కేంద్రాన్ని స్థాపించినారు. చిక్కబళ్లాపురం నుంచి బెంగళూరుకు బస్సులో పోతూ ఎలహంక దాటినాక జక్కూరు వస్తుందే, అక్కడే ఉంది అది. 2013లో ఆయనకు భారతరత్న ప్రకటించినారు. దేశం నలుమూలల నుంచి పరిశోధకులు ఆ జక్కూరుకు వచ్చి ఫెలోషిప్ తీసుకొని పని చేస్తున్నారు. మన బస్సు దాని పక్కనుంచే పోతుంది. మన పిల్లలు ఎంతమంది ఆ స్టాపులో దిగుతున్నారు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నేటి ఏర్పాట్లు కొంచెం తెలుసుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చినాక మహారాజుల దయ స్థానంలో ప్రభుత్వ నియమాలు వచ్చినవి. దళిత, గిరిజన విద్యార్థులు విదేశాల్లో చదవడానికి జాతీయ వేతనాలు 1954-55లోనే మొదలైనవి. 1956లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్‌కు, అంటే యు.జి.సి.కి, చట్టబద్ధత వచ్చింది. 1984 నుంచి జూనియర్ రీసెర్చి ఫెలోషిప్ కోసం దేశవ్యాప్తంగా ఒకే పరీక్ష పెట్టినారు. అదే నేడు నెట్ అని పిలిచే పరీక్ష. దీన్ని ఏడాదికి రెండు మార్లు పెడతారు. పోస్టుగ్రాడ్యుయేట్ పట్టంతో రాసేవారికి అందులో 55 శాతం, వెనుకబడిన, దళిత, గిరిజన వర్గాలవారికి, వికలాంగులకు 50 శాతం మార్కులు కావాలి. ఫెలోషిప్‌కు వయసు 30 దాటరాదు. స్త్రీలకు, వెనుకబడిన, దళిత, గిరిజన వర్గాలవారికి, వికలాంగులకు అయిదేండ్ల సడలింపు ఉంది.

నెగ్గి, విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి.లో చేరినవారికి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పని సంతృప్తికరమైతే తరువాతి మూడేండ్లు నెలకు 42,000 రూపాయలు. ఇవి 2023 జనవరి నుంచి అమలులోకి వచ్చిన మొత్తాలు. హాస్టలు లేకపోతే ఇంటి అద్దె భత్యం వేరే. ఒకసారి కూడి చూడండి. అయిదేండ్లకు 24 లక్షల రూపాయలు. మన పల్లెలో బిడ్డ చదువుకోసం 24 లక్షలు అప్పు చేసినవాళ్లు ఉన్నారు. బిడ్డ చదువుకుంటూ 24 లక్షలు సంపాదించవచ్చు అని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. అందరికీ దొరికేది కాదు, నిజమే. రాసినవారిలో కొద్దిమందికే వస్తుంది. కాని అసలు రాయనివారికి ఎన్నటికీ రాదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. నేను చరిత్రలో ఎమ్.ఎ. చేసినాను. మార్కులు బాగానే వచ్చినవి. మన సీమ పాళెగాళ్లమీద, గుమ్మనాయకనపాళ్యం కోట మీద పరిశోధన చేయాలని ఆశ ఉండేది. మా ఆచార్యులు ఒకరు చేర్చుకుంటానని కూడా అన్నారు. ఇంటికి వచ్చి మా నాయనకు చెబితే, ఆయన కోపగించలేదు. "ఇంకా అయిదేండ్లా? ఆ అయిదేండ్లు ఇల్లు నడిపేది ఎట్లప్పా?" అన్నాడు, అంతే. ఆ ఏడాదే మా చేనిలో వేసిన బోరు ఎండిపోయింది. దాని అప్పు ఇంకా తీరలేదు. పరిశోధన చేసేవాడికి నెలనెలా సొమ్ము ఇచ్చే పద్ధతి ఒకటి ఉందని నాకు తెలియదు. మా నాయనకు ఎలా తెలుస్తుంది? నేను బి.ఇడి.లో చేరినాను. ఉపాధ్యాయుణ్ణి అయినాను. ఆ సంగతి తెలిసేసరికి ఫెలోషిప్ వయసు దాటిపోయింది.

ఉపాధ్యాయ వృత్తి మీద నాకు ఏ చిన్నచూపూ లేదు. ఈ పని నాకు ఇష్టం. కాని నేను ఎంచుకోకుండా వదులుకున్నది వేరు, తెలియక పోగొట్టుకున్నది వేరు. ఆ రెండోది నా విద్యార్థులకు జరగకూడదని నా తాపత్రయం.

తెలిసినంత మాత్రాన దారి నున్నగా ఉంటుందనీ చెప్పను. ఫెలోషిప్ మంజూరైనా నెలనెలా అందకపోవడం చాలామంది అనుభవం. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల అనే తెలుగు పరిశోధక విద్యార్థి ప్రాణాలు తీసుకున్నాడు. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు, తన కుటుంబానికి అందేలా చూడమని ఆఖరి ఉత్తరంలో రాసినాడు. ఆ మరణం వెనుక ఉన్న కారణాలు అనేకం. వాటిమీద వాదోపవాదాలు చాలా జరిగినవి. నేను గుర్తు చేసేది ఒక్క విషయమే. ఫెలోషిప్ అంటే పుస్తకాల ఖర్చు మాత్రమే కాదు. దాని వెనుక ఒక తల్లి కుట్టుమిషను ఉంటుంది, తీరని చేబదుళ్లు ఉంటాయి. ఆ సొమ్ము ఆలస్యమైతే కాగితం మీద ఆలస్యం కాదు, పొయ్యి మీద ఆలస్యం.

ఇచ్చినది ఎల్లకాలం ఉంటుందనీ లేదు. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధకులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేసినారు. 2015లో నెట్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చే చిన్న ఫెలోషిప్‌ను ఆపాలని యు.జి.సి. తలపెడితే, ఢిల్లీలో విద్యార్థులు ఆ కార్యాలయం ముందే దినాల తరబడి బైఠాయించినారు. మహారాజు దయకు, ప్రజాస్వామ్య నియమానికి తేడా ఇక్కడే. దయ ఆగిపోతే అడగలేం. నియమం ఆగిపోతే అడగవచ్చు. అడగాలంటే అది ఉందని ముందు తెలియాలి.

ఇంక మన సరిహద్దు పిల్లల ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పరీక్షలో ఇంగ్లీషు. నెట్ పరీక్షలో భాషా విషయాలు తప్ప మిగిలిన ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటాయి. మన పిల్లవాడికి విషయం తెలిసి కూడా ప్రశ్న అర్థం కాక తడబడతాడు. కన్నడ పాఠంలో సంశోధన అని చదివినదే తెలుగులో పరిశోధన అని, ఇంగ్లీషులో రీసెర్చి అని తెలుసుకోవడానికే సగం ఓపిక ఖర్చవుతుంది. దీనికి మందు పదో తరగతి దాటినాక కాదు, ముందే వేయాలి. నేను మా బడిలో వారానికి ఒక పీరియడు ఒకే విషయాన్ని మూడు భాషల్లో చదివిస్తున్నాను. పెద్ద విద్య ఏమీ కాదు. నల్లబల్ల మీద మూడు గీతలు, మూడు మాటలు.

కాని ఈ కష్టాన్నే తిరగేసి చూస్తే అదే మన ఆస్తి. కన్నడమూ తెలుగూ రెండూ అమ్మ ఒళ్లో నేర్చుకున్న పిల్లవాడు ఎంతమంది ఆచార్యులకు దొరుకుతాడు? చింతామణి తాలూకా కైవారంలో నారేయణ తాతయ్యగారు రెండు భాషల్లోనూ తత్త్వాలు చెప్పినారు. వాటిని రెండు కండ్లతోనూ చదవగలిగినవాడు మనవాడే. నందికొండల చుట్టూ పుట్టిన చిత్రావతి, పాపఘ్ని, పినాకిని నదులు ఎందుకు ఎండిపోయినవి? బాగేపల్లి బోరు నీళ్లలో ఫ్లోరైడు పండ్లను, ఎముకలను ఏం చేస్తున్నది? 1938లో విదురాశ్వత్థంలో తుపాకి గుండ్లకు బలైనవారి కుటుంబాలు ఆ తరువాత ఎలా బతికినవి? మన ఊళ్లలో మాట్లాడే తెలుగు ఏ మాటలు కన్నడకు ఇచ్చింది, ఏవి పుచ్చుకుంది? ఒక్కొక్కటి ఒక్కొక్క పిహెచ్.డి. విషయం. కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం మనకు దగ్గరే. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. కోలారు కేంద్రంగా బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఏర్పడింది. మన నేల మీద బయటివారు వచ్చి పరిశోధన చేస్తే సంతోషమే. మనవారు చేస్తే ఆ పరిశోధన మళ్లీ మన ఊరి భాషలోకి తిరిగి వస్తుంది.

మరి ఏం చేయాలి? నా చిన్న బుద్ధికి తోచినవి మూడు మాటలు చెప్పి ముగిస్తాను. కాలేజీ పిల్లలు బి.ఎ., బి.ఎస్సి. రెండో ఏటనుంచే ఈ పరీక్ష పేరు, మార్కుల షరతు, వయసు షరతు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలి. ఉపాధ్యాయ మిత్రులు, గ్రంథాలయం నడిపేవారు, పంచాయతీవారు, ప్రకటన వచ్చిన వారంలోపల అది ఊరి పలకమీద కనిపించేలా చూడాలి. తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడబిడ్డల తల్లిదండ్రులు, ఎమ్.ఎ., ఎమ్.ఎస్సి. అయినాక "చాల్లే చదివింది" అనే ముందు ఒక్కసారి ఆగి, "ఇంకేమైనా దారి ఉందా?" అని బిడ్డను అడగాలి.

పట్టుపురుగులు మేపే ఇంటి నుంచి వచ్చిన ఆ అమ్మాయితో ఆ రోజు నేనన్న మాటే మీకూ చెబుతాను. పురుగు నాలుగు జ్వరాలు దాటి చంద్రికె ఎక్కేదాకా మీ అమ్మ రాత్రింబవళ్లు ఆకు వేస్తుంది. అన్ని దినాలూ అది ఒక్క పోగు పట్టు ఇవ్వదు. "తినడం తప్ప ఏం చేస్తున్నావు?" అని మీ అమ్మ దాన్ని అడుగుతుందా? ఆకు ఆపితే గూడు ఉండదని ఆమెకు తెలుసు. పరిశోధకుడికి ఇచ్చే ఫెలోషిప్ ఆ ఆకు లాంటిది. విశ్వేశ్వరయ్యకు మైసూరు వేసింది. అంబేద్కర్‌కు బరోడా వేసింది. నేడు నీకు వేయవలసింది ఈ దేశం. అడిగి తీసుకో. గూడు కట్టినాక మాత్రం పట్టు ఎక్కడిదో మరవవద్దు.

ఆ అమ్మాయి ఇప్పుడు పి.యు.సి.లో చేరింది. మొన్న సంతలో కనిపించి, "సార్, ఆ పరీక్షకు వయసు ఎంతన్నారు?" అని అడిగింది. ఎడమ చేతిలో కూరల సంచి, కుడి చేతిలో పెన్ను. అరచేతి మీదనే రాసుకొని పోయింది.